గోలీలు మిగిలాయని తుపాకి కొనబోయాం

ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఇంగ్లీషు చదవడం వచ్చిన మనిషికి రాని విద్యంటూ ఉండేది కాదు. పురుగుమందు సీసా మీది చీటీ, మోటరుతో పాటు వచ్చిన పుస్తకం, దవాఖానలో తీసిన ఎక్స్‌రే, అన్నీ తెచ్చి ఆ మనిషి చేతిలోనే పెట్టేవారు. మా వంశంలో ఆ మనిషిని నేను. గద్వాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ ముగించుకుని, పాన్‌గల్ దగ్గరి మా ఊరికొచ్చి, ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో ఫోను చూస్తూ కూర్చున్న ఏడది. కొత్త జిల్లాలు వచ్చిన ఏడు కూడా అదే. మా అమ్మ మోకాలి ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తిపట్టి, కళ్ళు చిన్నవి చేసి, "ఏం లేదు, జర వాపు" అని తేల్చేసిన ఘనత నాది. (దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది.) ఇరవై ఏళ్ళ వయసులో 'నాకు తెలియదు' అనే మాట నోటికి రాదు. నాకైతే మరీ రాదు.

మా నాయనకు అన్న, అంటే మా పెద్దనాయనను, ఊళ్ళో తుపాకి పటేలు అనేవారు. తాత పోలీసు పటేలుగా ఉన్న కాలంలో సంపాదించిన రివాల్వరు, దాని లైసెన్సు ఆయన పేరుకు మారాయి. ఆ రివాల్వరు జీవితంలో చేసిన పని చాలా తక్కువ. దసరాకు బొట్టు పెట్టించుకునేది. ఎన్నికలొస్తే పోలీసు స్టేషనుకు వెళ్ళి ఉండి, అవి ముగిశాక ఇంటికొచ్చేది. రెండే రెండుసార్లు పేలింది. మొదటిసారి పెద్దనాయన పరీక్ష కోసం ఆకాశంలోకి పేల్చితే మా బర్రె రెండు రోజులు పాలివ్వలేదు. రెండోసారి తుడుస్తుండగా దానంతటదే పేలి వడ్ల బస్తాలో దూరింది. మూడోసారి పేలితే తాను పుట్టింటికి, లింగాలకు, వెళ్ళిపోతానని పెద్దమ్మ చెప్పడంతో ఆ ముచ్చట అక్కడితో ముగిసింది. అయితే లైసెన్సులో ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చని రాసి ఉందో అన్నీ ఉంచుకోకపోతే లైసెన్సుకు మర్యాద కాదని పెద్దనాయన నమ్మకం. అందుకని అటక మీద బిస్కెట్ల డబ్బాలో, పాత ధోవతి ముక్కలో చుట్టి, నలభై ఎనిమిది తూటాలు కొత్త పెళ్ళికూతురి నగల్లా మెరుస్తూ ఉండేవి.

ఆ యాసంగి పంటకు పెద్దనాయన నాలుగెకరాల్లో పల్లి వేశాడు. కాయ ఊరే వేళకు అడవిపందులు మొదలయ్యాయి. పొద్దు వాలితే చాలు, గుంపుగా వచ్చి ముట్టెతో సాళ్ళకు సాళ్ళు దున్నేసి పోయేవి. అంతకు ముందు ప్రతి ఏడూ మా నాయనా పెద్దనాయనా చేనుకు చెరొక కొసన కూర్చుని, డబ్బాలు కొడుతూ, ఒకరి అరుపు ఆగితే ఒకరు అందుకుంటూ పందుల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ ఏడు మాత్రం అన్నదమ్ములకు మాటల్లేవు. బోరు మోటరు వంతు దగ్గర మొదలైన గొడవ అది. ఎవరి వంతులో ఎవరు గంట ఎక్కువ పారించుకున్నారో ఇద్దరూ మర్చిపోయారు గానీ, మాట్లాడకూడదన్నది మాత్రం ఇద్దరికీ గుర్తుంది. నేనొక్కదాన్నే రెండిళ్ళ మధ్యా తిరిగేదాన్ని. పెద్దనాయన ఒంటరిగా ఈ కొసన డబ్బా కొడితే పందులు మర్యాదగా ఆ కొసకు వెళ్ళి తినేవి. ఆ పంట పోతే ఆయనకు ఆ ఏడు ఇంకేమీ లేదు.

ఇక తప్పదని రివాల్వరు బయటికి తీశాడు. గుళ్ళు పెట్టే చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కర్నూలుకు తీసుకెళ్ళి చూపిస్తే, బాగుచేసే ఆయన రెండు చేతులూ జోడించి, దీన్ని పేలిస్తే పందికి ఏమీ కాదు, నీ చేతికే అవుతుందన్నాడట. పెద్దనాయన ఇంటికొచ్చి డబ్బా కిందికి దించి, తూటాలన్నీ మంచం మీద పరిచి, చాలాసేపు చూసి నన్ను పిలిచాడు.

"బిడ్డా, తుపాకి సచ్చింది గానీ గోలీలు బతికే ఉన్నయి. గీ గోలీలే పట్టే పొడుగు తుపాకి ఏదన్న ఉంటదేమో నీ ఫోన్ల చూడు. ఇన్నేండ్లు దాసిపెట్టిన సొమ్ము ఖరాబ్ కావొద్దు."

పెద్దమ్మ వంటింట్లోంచే అందుకుంది. "గుండీలు మిగిలినయని అంగీ కుట్టిచ్చుకుంటరా ఎవలన్న?"

నాకు మాత్రం ఆ ప్రశ్న మహా గంభీరంగా తోచింది. రెండు రోజులు తిండి కూడా ఫోను పక్కనే. ఏయే దేశాలవాళ్ళో రాసుకున్నవన్నీ చదివేశాను. పిస్తోలు తూటాలే వేసుకుని, భుజానికి ఆనించి కొట్టే తుపాకులు నిజంగానే ఉన్నాయి! వాటిని కార్బైన్ అంటారని, గొట్టం పొడుగు కాబట్టి గురి బాగుంటుందని, భుజం మీద దెబ్బ తక్కువని పెద్దనాయనకు పాఠం చెప్పాను. "కార్బైడా? దాంతోని కొల్లాపూరు కాడ మామిడికాయలు మాగేస్తరు గద, పందులకేం జేస్తది?" అంది పెద్దమ్మ. ఆమె అజ్ఞానానికి నేను జాలిగా నవ్వాను.

నోటుబుక్కులో గీతలు కొట్టి పట్టిక వేశాను. మూడు రకాలు తేలాయి. నడుమ మడిచేది, కింద పెట్టెలో తూటాలు నింపేది, పిడి కిందికీ పైకీ ఆడిస్తూ కొట్టేది. మడిచేదాన్ని పెద్దనాయన చూడగానే కొట్టిపారేశాడు. "మడత మంచమే నడుమ ఇరిగి పండుకోనిస్తలేదు, ఇగ తుపాకి గూడనా?" పెట్టెదాన్ని నేను కొట్టిపారేశాను. రివాల్వరు తూటాకు అడుగున అంచు ఉంటుంది, అది పెట్టెలో తట్టుకుంటుందని చదివాను కదా మరి. (ఈ ఒక్క ముక్కా నిజంగానే సరైనదని ఇప్పటికీ గర్వపడుతుంటాను.) పిడి ఆడించేదాని బొమ్మ చూపించగానే పెద్దనాయన ముఖం విచ్చుకుంది. "ఇది బోరింగు కొట్టినట్టే ఉంది బిడ్డా. మనకెరికైన పనే!" ముల్లుకర్రను భుజానికి పెట్టుకుని, కుడిచేత్తో బోరింగు కొడుతున్నట్టు ఆడిస్తూ, కోళ్ళన్నీ చెదిరిపోయేదాకా సాధన చేశాడు. ఆ తుపాకి మన దేశంలో అమ్ముతారా లేదా అన్న చిన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఇక అర్జీ. రాసేది నేనే. "నా వద్ద నలభై ఎనిమిది తూటాలు మిగిలి ఉన్నవి" అని మొదలుపెట్టగానే పెద్దనాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తూటాలని రాస్తవా? మనది అడివి పక్క దేశం. గా మాట సదివిండ్రంటే నక్సలైట్లమనుకోని పోలీసులు జీపులేసుకోని వస్తరు. గోలీలని రాయి. జర మెత్తగ ఉంటది."

పాలమూరులో గోలీ అంటే తుపాకిలో వేసేదీ అవుతుంది, జ్వరానికి మింగేదీ అవుతుంది, పిల్లలు ఆడుకునేదీ అవుతుంది. అదేమీ ఆలోచించకుండా తూటాలు కొట్టేసి గోలీలు చేశాను. అదే ఊపులో తుపాకి అన్న మాట కూడా లేకుండా జాగ్రత్తపడ్డాను. చివరికి తయారైన అర్జీ ఇది: "నా వద్ద గోలీలు నలభై ఎనిమిది వాడకుండా మిగిలిపోయినవి. పాతది పనిచేయుట లేదు. కావున ఇట్టి గోలీలు వృథా కాకుండా వాడుకొనుటకు నాకు కార్బైన్ ఇప్పించగలరని ప్రార్థన." ఎంత క్లుప్తంగా, ఎంత గౌరవంగా ఉందో అని నాలుగుసార్లు చదువుకున్నాను. సోమవారం నాడు మా కొత్త జిల్లా కేంద్రం వనపర్తికి వెళ్ళి, ఇంకా గోడల సున్నం ఆరని ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చాం. (ఏ ఆఫీసో చెప్పను. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు.) అక్కడి ఆయన అర్జీ చదివి, పెద్దనాయనను పైనుంచి కిందిదాకా చూసి, "ఎన్నాళ్ళ నుంచి పెద్దాయనా?" అని ఆప్యాయంగా అడిగాడు. "మా నాయన కాలం నుంచి" అన్నాడు పెద్దనాయన. ఆయన అయ్యో అని, ఎర్ర సిరాతో ఏదో రాసి పక్క గదికి పంపాడు. పని ఇంత తొందరగా అవుతుందని మేము అనుకోలేదు.

నాలుగో రోజు పొద్దు వాలబోతుండగా మా ఊరి ఆశా వర్కరు వచ్చింది. చేతిలో మా అర్జీ నకలు. అది చూడగానే నాకంతా అర్థమైపోయింది. కొత్త జిల్లా కదా, సిబ్బంది తక్కువ. తుపాకుల విచారణ కూడా ఈమెకే అప్పజెప్పారు! నేను గబగబా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పెద్దనాయనను పిలిచి పక్కనే నిలబడ్డాను.

"ఏంది మామా, గోలీలు వాడుతలేవంట?" అంది ఆమె రిజిస్టరు తెరుస్తూ.

"ఎట్ల వాడాలె అక్కా? పాతది తిరుగుతలేదు. తుప్పువట్టింది." పెద్దనాయన రివాల్వరు ఒర ఉండే చోట, నడుం మీద, చెయ్యేసి చూపించాడు.

ఆమె నడుము నొప్పి అని రాసుకుంది. "రోజుకు ఎన్నిటి లెక్క?"

"రోజు లెక్కేం లేదు. ఒక్కసారే ఆరు పడతయి."

"ఆరా! ఒక్కసారే?"

"కొత్తది వస్తే పది గూడ పడతయంట. మా పిల్ల సదివింది."

నేను అవునన్నట్టు తలూపాను. ఆమె కలం ఆగిపోయింది. "మామా, ఏవీ, ఆ గోలీలు జర నాకు చూపియ్యి."

"చూపియ్య. లైసెన్సు నా ఒక్కని పేరు మీదనే ఉంది."

"గోలీలకు లైసెన్సా?" ఆమె పెద్దనాయన కళ్ళలోకి వంగి చూసింది. తర్వాత గొంతు మెత్తగా చేసుకుంది. "సరే. అవి వేసుకుంటె నొప్పి తగ్గుతదా మరి?"

"నొప్పేంది అక్కా, ఒక్కటి పడితే పానమే పోతది. మల్ల లేవదు. పంటంత పాయె, ఇంక సూసేది లేదు. ఇయ్యాల పొద్దు గూకంగనే చేనుకాడికి పోయి, కొత్తది వచ్చినా రాకున్నా ఏదో ఒకటి తేల్సుకుంట."

ఆమె లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. విచారణ ఇంత బాగా జరిగిందే అని నేను లోపల మురిసిపోతున్నాను. ఆమె తిన్నగా ఉరికింది మా ఇంటికి, మా నాయన దగ్గరికి.

పెద్దనాయన అటు చేనుకు బయలుదేరాక నేను కూడా తీరిగ్గా ఇంటికి వెళ్ళేసరికి, నాయన కంచంలో చెయ్యి కడగకుండా లేచి పరుగెత్తుతున్నాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. "మీ పెద్దనాయన గోలీలు మింగబోతుండంట!" అని అమ్మ ఏడుస్తూ చెప్పింది. అప్పుడు, ఆ ఒక్క మాటతో, నా క్లుప్తమైన అర్జీ అక్షరం అక్షరం నా కళ్ళ ముందు తిరిగింది. నేనూ నాయన వెనకాలే పరుగెత్తాను. చెప్పాలంటే ఊపిరి ఆడదు. ఆయన ఆగితే కదా!

చేనులో ఎండ ఇంకా పూర్తిగా వాలలేదు. పెద్దనాయన గట్టు మీద ఒంటరిగా కూర్చుని, పక్కనున్న డబ్బా మూత తీసి గుప్పెడు నోట్లో వేసుకోబోతున్నాడు. నాయన దూరం నుంచే పెద్దగా అరిచి, వెళ్ళి ఆ చేతిని ఒడిసిపట్టి, డబ్బాను తన్నాడు. సాళ్ళ నిండా అలసంద గుగ్గిళ్ళు చెల్లాచెదురయ్యాయి.

"పంట పోతె పోనియ్యి, అన్నా! నాకొక్క మాట చెప్పొద్దా? నేను సచ్చిన్ననుకున్నవా?" నాయన అన్న చెయ్యి వదలకుండానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెద్దనాయనకు ఏమీ అర్థం కాలేదు. గుగ్గిళ్ళకు ఇంత దుఃఖమెందుకో తెలియక నా వైపు చూశాడు, తమ్ముడి ఒంటి చెప్పు వైపు చూశాడు. "ఎట్ల చెప్పాలె రా? నువ్వు మాట్లాడుతలేవు గద" అన్నాడు. ఏడాదిలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు ఇవే. నేను ఒగరుస్తూ అర్జీ సంగతీ గోలీల సంగతీ చెప్పాను. ముందు పెద్దనాయన నవ్వాడు, తర్వాత నాయన. నాయన కన్నీళ్ళు తుడుచుకోబోతే చేతికంటిన పప్పు కళ్ళలో పడింది, దాంతో మళ్ళీ ఏడుపు. అప్పటికి పెద్దమ్మ, అమ్మ, ఆశా వర్కరు, సగం ఊరు గట్టు మీద ఉన్నారు. ఆ సాయంత్రం ఆ సందడికి పందులు ఆ దరిదాపుల్లోకి రాలేదు.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ రివాల్వరును, నలభై ఎనిమిది తూటాలను స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకున్నారు. అక్కడి రైటరు నా పట్టిక చూసి, ఇలాంటివి ఇక్కడ ఎక్కడా అమ్మరని చెప్పాడట. నేను నమ్మలేదు. రెండు రోజుల పరిశోధన! అంచున్న తూటాల రహస్యం! పట్టిక పట్టుకుని కోపంగా చేనుకు వెళ్ళాను. నాయన ఆ కొసన, పెద్దనాయన ఈ కొసన, మధ్యలో కేకలు. ఒకరి గొంతు ఆగితే ఇంకొకరు అందుకుంటున్నారు.

"మరి కార్బైన్ సంగతి ఏం జేస్తవు పెద్దనాయనా?" అని అడిగాను.

ఆయన డబ్బా కొట్టడం ఆపి, ఆ కొస వైపు చూశాడు. "ఇంక దేనికి బిడ్డా? మీ నాయన వచ్చిండు గద."

ఆయన నన్ను వెతకమన్నది తుపాకి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు తెలియలేదు. అంత మంచి తుపాకిని, అంత కష్టపడి నేను ఎంచిన తుపాకిని, ఇంత తేలిగ్గా వద్దంటారా అని అలిగి, ఆ పూట అన్నం కూడా తినలేదు.