లీటరుకు ఇరవై ఒకటి

నా డైరీల్లో ఒక్కదానికి మాత్రం మా ఆవిడ అట్ట వేయించి, బంధువులు వస్తే తీసి చూపించడానికి వీలుగా ముందు గదిలో పెట్టింది. అందులో నా గొప్పతనమేదో ఉందనుకునేరు. ఒక ఎర్ర కారును, ఒక పచ్చని సంసారాన్ని, ఇరవై ఏడేళ్ళ నా భౌతికశాస్త్ర బోధనను ఒకే ఒక్క మధ్యాహ్నం నేనెలా ముంచానో అందులో ఉంది. గంటలు, నిమిషాలతో సహా, నా చేత్తోనే. దొంగ తన వేలిముద్రలకు తానే పటం కట్టించుకున్నట్టు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నాకు యాభై రెండు. ఆ వయసువాణ్ణి కుర్రవాడనకూడదు గాని, డెబ్బై దాటిన ఈ కుర్చీలోంచి చూస్తే వాడు కుర్రవాడే. తెనాలిలో జూనియర్ కాలేజీ లెక్చరరు. కుళాయి వచ్చిన వేళ, పాలలో నీళ్ళపాలు, స్కూటరుకు పోసిన పెట్రోలు, అన్నీ డైరీలో రాసుకునేవాడు. తను రాసిందే నిజమనుకునేవాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులున్నారు. వీడు ఆ మూడు కాళ్ళనీ స్కేలు పెట్టి కొలిచే రకం.

మా బావమరిది సత్యం తెనాలిలోనే ఫొటో స్టూడియో నడిపేవాడు. స్టూడియో గోడకు ఎర్ర స్పోర్ట్స్ కారు బొమ్మ వేసిన తెర ఉండేది. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆ కారు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నవాళ్ళే. ఇరవై ఏళ్ళు గుడ్డ కారును చూసి చూసి, మావాడికి ఇనప కారు మీద మనసు పడింది. ఇంతలో విజయవాడ నుంచి పాత కార్ల బేరగాడొకడు ఒకే కంపెనీ స్పోర్ట్స్ కార్లు రెండు పట్టుకొచ్చాడు. ఒకటి పాత వెర్షను, ఒకటి కొత్త వెర్షను. రెండూ ఎరుపే, రెండిటికీ రెండే సీట్లు. కంపెనీ పేరు చెప్పను. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు.

మన వైపు బండి కనబడితే రంగు అడగరు, వేగం అడగరు. “ఎంతిస్తుంది?” అంటారు. పాడి గేదెనైనా అంతే, స్పోర్ట్స్ కారునైనా అంతే. సత్యం భార్య రమణి హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ అమ్మాయి కూడా అదే అడిగింది.

“చూడండన్నయ్యగారూ, నలభై అయిదేళ్ళకి ఈయనకి ముచ్చట పుట్టింది. కాదనను. లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇచ్చేదైతే కొనుక్కోమనండి. లేదంటే ఆ తెర ముందే కుర్చీ వేసుకుని కూర్చోమనండి. ఈయన చెప్పే లెక్క నమ్మను, బేరగాడి లెక్క అసలే నమ్మను. మీరు డైరీలో రాస్తే నమ్ముతాను.”

ఆ చివరి మాటకు నేను బోర్లా పడ్డాను.

సత్యం నన్ను వీధి చివరిదాకా సాగనంపుతూ, “బావగారూ, ఈ వయసులో ఇది తప్పితే నాకింకో కారు రాదండి. కాస్త నా వైపు కూడా చూడండి,” అన్నాడు.

“నేను చూసేది పెట్రోలు ముల్లు వైపు,” అన్నాను. ఎంత ఠీవిగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక నా ఏర్పాట్లు. తెనాలి బంకులో టాంకీ అంచుదాకా నింపించడం. రేపల్లె, పెనుమూడి వంతెన, వెనక్కి రేపల్లె, అక్కణ్ణుంచి బాపట్ల, బాపట్ల నుంచి తెనాలి. అదే బంకులో మళ్ళీ అంచుదాకా నింపించడం. ఎన్ని లీటర్లు పట్టిందో అంత తాగినట్టు. మొదటి రోజు కొత్త వెర్షను, రెండో రోజు పాత వెర్షను. రెండు రోజులూ సత్యమే నడపాలి, పక్కన నేనే కూర్చోవాలి. బరువు మారకూడదని రెండు పొద్దుల్లోనూ తెనాలి స్టేషన్లో బరువు మిషనెక్కాం. సత్యం రెండో రోజు అరకిలో పెరిగాడు.

“ఏం తిన్నావు రాత్రి?”

“భయపడ్డానండి. భయమేస్తే తింటాను.”

అరకిలోకు సరిపడా వాడి చెప్పులు, బెల్టు, తాళాల గుత్తి ఇంట్లో పెట్టించాను. ఆ రోజు స్పోర్ట్స్ కారును ఉత్త కాళ్ళతో నడిపిన మనిషి కృష్ణా డెల్టా మొత్తానికి వాడొక్కడే అయ్యుంటాడు.

మొదటి రోజు కథ పొట్టిది. రైల్వే గేటు పడినచోటల్లా జనం మూగి, “ఎంతిస్తుందండీ?” అనడమే. పెనుమూడిలో ఎడ్లబండి తోలుకొస్తున్న పెద్దాయన కూడా దిగొచ్చి అడిగాడు. మధ్యాహ్నం బాపట్లలో సత్యం అత్తవారింట్లో దోసకాయ పప్పుతో భోంచేశాం. మామగారు ఇంట్లో లేరు. చీరాల వెళ్ళారన్నారు. సాయంత్రం తెనాలిలో లెక్క తేల్చాను. నూట నలభై రెండు కిలోమీటర్లకు పన్నెండు లీటర్ల తొంభై. అంటే లీటరుకు పదకొండు.

“ఒక్కటే కదండి తక్కువ?” అన్నాడు సత్యం, భార్య మొహం చూస్తూ.

“ముప్పై నాలుగు తెచ్చుకున్నవాణ్ణి నేను ఎప్పుడైనా పాస్ చేశానా?” అంది రమణి.

రెండో రోజు పాత వెర్షను. అది స్టార్టు కాగానే చేసిన చప్పుడుకు మా వీధిలో కుక్కలు సర్దుకుని వేరే వీధికి వెళ్ళిపోయాయి. సత్యం మొహంలో మాత్రం వెన్నెల. రేపల్లె దాటాక కాలువ గట్టున పొలాల మీంచి గాలి కొడుతుంటే వాడు ఈల వేశాడు. నేను విన్నాను. రాసుకున్నాను కూడా: “11.10, ఈల.” ఇప్పుడా పేజీ తెరిస్తే, అంకెలన్నిటిలోకీ నాకు నచ్చేది అదొక్కటే.

బాపట్ల చేరేసరికి ముల్లు ముప్పావు మీదుంది. గుమ్మంలో మామగారు రాఘవయ్యగారు నిలబడి ఉన్నారు. రిటైరైన స్టేషన్ మాస్టరు. రైలును ఎంత మర్యాదగా పంపేవారో మనుషులనూ అంతే మర్యాదగా పంపే మనిషి.

“రండల్లుడుగారూ! బండి మన గడపకొచ్చింది. ఇవిగో, చీరాల్లో పంచెల చాపు తెచ్చాను. కొత్త బండిలో పెట్టుకెళ్ళాలి.”

“పంచెలు వద్దండి,” అన్నాను నేను.

“ఏంటండి, లెక్చరరుగారూ?”

“బరువండి.”

ఆయన చాపును చేత్తో తూచి చూసుకున్నారు. “నాలుగొందల గ్రాములుండదండి!”

“నాలుగొందల గ్రాములైనా లెక్క లెక్కేనండి.”

“పోనీ పెరట్లో కొబ్బరికాయలు ఓ పాతిక?”

“వద్దండి.”

“అరిసెలు?”

“అసలు వద్దండి.”

లోపల్నుంచి అత్తగారి గొంతు: “నిన్నా దోసకాయ పప్పే, ఇవాళా దోసకాయ పప్పే కావాలన్నారట! అల్లుడికి రెండు రోజులూ ఒకటే పప్పా? ఈ సంగతి నలుగురికీ తెలిస్తే మేం వీధిలో తలెత్తుకోవాలా వద్దా?”

నేను ఓపిగ్గా వివరించాను. “డిక్కీలో ఏమీ పెట్టకూడదండి. సీట్లో ఏమీ పెట్టకూడదు. మా పొట్టల్లో కూడా నిన్నటికంటే ఎక్కువ పెట్టకూడదు. ఇది శాస్త్రీయ ప్రయోగం.”

రాఘవయ్యగారు పంచెల చాపును మళ్ళీ మడతపెట్టారు. అల్లుణ్ణి ఉత్త చేతులతో పంపడమన్నది ఆ ఇంటా వంటా లేదు. పక్కింటివాళ్ళ గిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా అడుగున చిటికెడు పంచదారైనా వేసి పంపే ఇల్లు అది. చివరికి, “సరే, డిక్కీలో పెట్టంలెండి,” అన్నారు. ఆ మాటను ఆయన ఎంత జాగ్రత్తగా అన్నారో గమనించాల్సింది. నేను గమనించలేదు.

కారు ఎండలోనే నిలబెట్టి, దాని తాళం బల్లమీద పడేసి, ఒక కునుకు తీశాం. లేచాక ఆయనే మజ్జిగ అందించారు. ఎక్కి కూర్చుని చూద్దును గదా, ముల్లు ఫుల్లు మీదుంది!

“బావగారూ, ముల్లు పెరిగిందండి,” అన్నాడు సత్యం, దెయ్యాన్ని చూసినట్టు.

ఇక్కడ బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? దిగి అడుగుతాడు. నేను పాఠం చెప్పాను.

“వేడికి ద్రవాలు వ్యాకోచిస్తాయి. ఎండలో పెట్టాం గదా. పెట్రోలు ఉబ్బింది.”

“పావు టాంకీ ఉబ్బుతుందాండి? అలాగైతే బంకులవాళ్ళందరూ ఎండలో పెట్టుకుని అమ్ముకునేవాళ్ళు గదండి!”

“ఇంటరులో నీకు ఫిజిక్స్‌లో ఎన్నొచ్చాయి?”

“ముప్పై ఆరండి.”

“అయితే పోనియ్ బండి.”

డైరీలో రాసుకున్నాను: “2.40, ముల్లు ఫుల్లు. కారణం: వ్యాకోచం. 2.45, మజ్జిగ జ్ఞాపకం: గ్లాసుకు పెట్రోలు వాసన. కారణం: ఈ కారుకు వాసన ఎక్కువ.” చదువేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదువు చెప్పి పోగొట్టుకున్నాను.

సాయంత్రం తెనాలి బంకులో ఆరు లీటర్ల డెబ్బైకే టాంకీ పొంగింది. లీటరుకు ఇరవై ఒకటి! రమణి మూడుసార్లు భాగహారం చేసింది. అంకెలు తప్పలేదు గదా, అంకెలకేం తెలుసు. “మీరు రాశారు కాబట్టి ఊరుకుంటున్నానన్నయ్యగారూ,” అంది. మర్నాడే పాత వెర్షను సత్యం ఇంటి ముందు నిలిచింది. వాడు చంటిపిల్లకు ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తుంటే చూసి, నేను దేశానికేదో సేవ చేసినంత పొంగిపోయాను.

మూడు వారాలకు రాఘవయ్యగారి ఇంట్లో వ్రతం. నేనూ మా ఆవిడా పొద్దున్నే రైల్లో బాపట్ల చేరాం. సత్యం, రమణి కార్లో రేపల్లెలో ఒక పెళ్ళి చూసుకుని రావాలి. నేను వసారాలో చుట్టాలను కూర్చోబెట్టుకుని నా పద్ధతి వర్ణిస్తున్నాను.

“ఇరవై ఒకటా! స్పోర్ట్స్ కారా!” అన్నాడొకాయన.

“అంతా పరిశీలనలో ఉందండి,” అంటూ డైరీ పైకెత్తాను.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో ట్రాక్టరొకటి తిరిగింది. ట్రాక్టరు వెనక తాడు. తాడు వెనక ఎర్ర కారు. కార్లో పట్టుచీరలో రమణి. దుమ్ముకొట్టుకుపోయి, చీర రంగేదో పోల్చుకోవడం కష్టంగా ఉంది. స్టీరింగు దగ్గర సత్యం, పెళ్ళిలో పెట్టిన బొట్టు చెమటకు ముక్కుదాకా కారి.

నా ఇరవై ఒకటిని నమ్మి, అయిదు లీటర్లు పోయించుకుని వంద కిలోమీటర్లు చుట్టొద్దామని బయల్దేరారట. రేపల్లె దాటి చెరుకుపల్లి చేరకముందే, అటూ ఇటూ వరిచేలు తప్ప నరమానవుడు లేనిచోట బండి చచ్చింది.

రాఘవయ్యగారు పరుగున ఎదురెళ్ళి, “అయ్యయ్యో! మొన్న నే పోసిన పది లీటర్లూ అప్పుడే అయిపోయాయా?” అన్నారు.

ట్రాక్టరువాడు ఇంజను ఆపాడు.

“పది లీటర్లేంటి నాన్నా?” అంది రమణి.

“మీరు పడుకున్నప్పుడేనమ్మా. స్కూటరు మీద బంకుకెళ్ళి, రెండు డబ్బాల్లో తెచ్చి పోశాను. అల్లుడి బండి మొదటిసారి మన గడప తొక్కిందాయె. ఉత్తదాన్ని ఎలా పంపను? లెక్చరరుగారు డిక్కీలో పెట్టొద్దన్నారు, సీట్లో పెట్టొద్దన్నారు, పొట్టలో కూడా పెట్టొద్దన్నారు.” నా వైపు తిరిగి, అమాయకంగా, “టాంకీలో పోయొద్దని అన్లేదుగదండీ!” అన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చంతా గెలుచుకొచ్చి వసారాలో ఓడాను. రమణి వచ్చి, నా చేతిలో డైరీ తీసుకుని, క్లాసులో చదివినట్టు పైకి చదివింది. ముల్లు ఫుల్లు. వ్యాకోచం. మజ్జిగ గ్లాసు. పెట్రోలు వాసన. వాక్యం వాక్యానికీ చుట్టాలు స్తంభాలు పట్టుకుని నవ్వారు. మా ఆవిడ సుభద్ర అందరికంటే దూరంగా వెళ్ళి నవ్వింది. మంచి ఇల్లాలు.

“సాక్ష్యమంతా మీరే రాసుకుని, తీర్పు మాత్రం వేరే ఇచ్చారే, అన్నయ్యగారూ!”

“పదహారు లీటర్ల డెబ్బై,” అన్నాను నేల చూస్తూ. “అసలు లెక్క ఎనిమిదిన్నరమ్మా.”

సత్యం తాడు విప్పుతున్నాడు. విప్పిన తాడును మళ్ళీ కడుతున్నాడు. షరతు షరతే. కారు వెనక్కి పోతుందని వాడికి తెలుసు. అయినా చేత్తో బానెట్టు మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రమణి వాణ్ణే చూస్తూ డైరీ మూసింది.

“చెరుకుపల్లి నుంచి బాపట్లదాకా తాడు కట్టి లాక్కొచ్చారు. దారంతా జనం చూశారు,” అంది చివరికి. “ఇప్పుడు అమ్మేస్తే వాళ్ళకి నవ్వు మిగులుతుంది, మనకి కారు మిగలదు. ఉంచుకోండి. కానీ ఇకమీదట నేను ఈ కారెక్కిన ప్రతిసారీ, అన్నయ్యగారు స్కూటరు మీద వెనకాలే రావాలి. అయిదు లీటర్ల డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని.”

అలా ఏడేళ్ళు వెళ్ళాను. తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి బాపట్ల, ముందు ఎర్ర కారు, వెనక నేను, నా కాళ్ళ మధ్య డబ్బా. ఎంతిస్తుందండీ అని గేటు దగ్గర ఎవరడిగినా, సత్యం కిటికీలోంచి బొటనవేలు వెనక్కి చూపించేవాడు: “మా బావగారినడగండి, ఆయన దగ్గర రాసుంది.” ఆ గాలీ, ఆ దారులూ, ఆ ఎగతాళీ అన్నీ కలిసి, నా జీవితంలో అంత బాగా తిరిగిన రోజులు మరి లేవు. కారు పోయింది. స్కూటరూ పోయింది. సత్యం, నేను ఇప్పుడు సాయంత్రాలు నడుస్తాం. మా ఇద్దరికీ మైలేజీ తక్కువే.

అందుచేత, చదువరులారా, మీ అందరి సాక్షిగా తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. భోజనానంతరం పెరిగిన ఏ ముల్లుకూ ఇకపై సిద్ధాంతం చెప్పను. పెద్దమనిషి పంచెలు పెడితే పుచ్చుకుంటాను, అరిసెలు పెడితే తింటాను, పప్పు మారిస్తే ప్రశ్నించను. ఇక శాస్త్ర పరీక్షంటూ ఎప్పుడైనా చేయవలసి వస్తే, ముందుగా ఒక పని చేస్తాను: ఆ దారిలో ఎవరికీ అత్తవారిల్లు లేకుండా చూసుకుంటాను.