దేవదాస్ గారి ఎర్ర దారాలు

మా హారతికి పద్నాలుగు నెలలు నిండేలోపే మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. మూడోసారి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. నేను మైక్రోబయాలజీ చదివినదాన్ని. ఆసుపత్రి నుంచి రాగానే కుళాయి నీళ్లు పరీక్ష సీసాలో పట్టి పక్కన పెట్టాను. మర్నాటికి సీసా నల్లబడింది. అంటే తాగే నీళ్లలో మురుగు కలుస్తోంది.

మేం సూరత్ వచ్చి అప్పటికి ఏడాదే. మావారికి ఊరి చివర సచిన్ పారిశ్రామికవాడలో బ్యాంకు ఉద్యోగం, ఆ దారిలోనే ఉన్ అనే పేట దగ్గర ఒక సందులో అద్దె ఇల్లు. వార్డు ఆఫీసులో నెలకోసారి సమావేశం జరుగుతుందని, ముందుగా అర్జీ ఇస్తే ఎవరైనా మాట్లాడవచ్చని తెలిసి, రెండు పేజీలు రాసుకుని వెళ్లాను. బ్యాక్టీరియా పేర్లన్నీ అందులో ఉన్నాయి. నాకిచ్చిన రెండు నిమిషాల్లో మొదటి పేజీ కూడా పూర్తికాలేదు.

"పైపు ఎక్కడ దెబ్బతింది మేడమ్? సందంతా తవ్వలేం కదా" అని ఇంజనీరు హిందీలో మర్యాదగానే అడిగారు. నా రెండు పేజీల్లో అది ఎక్కడా లేదు.

బయట మెట్ల మీద కూర్చుని మావారికి ఫోన్లో చెబుతుంటే ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాక, టిఫిన్ డబ్బా పట్టుకున్న పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చారు.

"తెలుగోళ్లేనా బిడ్డా? నాది గూడ మీ గల్లీయే, మొదటి ఇల్లు. నువ్వు లోపల చెప్పింది నాకు సమజ్ కాలే. వాళ్లకు గూడ కాలే."

"మరి ఎలా చెప్పాలండీ?"

"చూపియ్యాలె."

ఆయనే దేవదాస్ గారు. కరీంనగర్ వైపు పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చి మగ్గాల మీద పనిచేశారు. ఇప్పుడు గుడ్డ తనిఖీ చేస్తారు. సమావేశం రోజున షిఫ్టు మార్చుకుని మరీ వస్తారు. నాలుగేళ్లలో ఒక్కటీ తప్పలేదట.

"మొదటిసారి నా పేరే పిలువలే బిడ్డా. అర్జీ మీద ముద్ర ఏపిచ్చుకోలే మరి. ముద్ర లేకుంటే అది ఉత్త కాయితం."

ఆదివారం ఆయన ఒక పొడవాటి తెల్ల గుడ్డ, ఎర్ర దారపుండ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. తనిఖీ బల్ల మీద గుడ్డలో ఎక్కడ పోగు తప్పినా, అక్కడ అంచుకు ఎర్ర దారం కట్టడం ఆయన పని. అప్పుడు బాగుచేసేవాళ్లు గుడ్డ తాను మొత్తం వెతకనక్కర్లేదు. మా సందుకూ అదే చేద్దామన్నారు. సందు మొదటి నుంచి వరసగా ఒక్కో ఇంటికి బెత్తెడు గుడ్డ.

సందులోని నలభై ఇళ్లకూ ఇద్దరం తిరిగాం. ఆయన తలుపు తట్టి గుజరాతీలోనో హిందీలోనో నచ్చజెప్పేవారు, నేను సీసాలో నీళ్లు పట్టేదాన్ని. తొమ్మిదో ఇంటి వెంకటవ్వ గుమ్మంలో కూర్చుని చీరల మీద మిగిలిన దారాలు కత్తిరిస్తోంది.

"ఏంది దేవదాసూ, గల్లీకి చీర కడుతున్నవా?"

"కడుతున్న అక్కా. నీ ఇంటికాడ కొంగొస్తది, జర నీళ్లియ్యి."

మర్నాడు సీసా నల్లబడిన ప్రతి ఇంటికీ, గుడ్డ మీద దాని చోట అంచుకు ఒక ఎర్ర దారం కట్టారు. పదో ఇంటి దాకా ఒక్కటీ లేదు. పదకొండు నుంచి వరసగా ఉన్నాయి. మాది పద్నాలుగు. దేవదాస్ గారింట్లో నీళ్లు తేటగానే ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాతి సమావేశానికి అర్జీ నాలుగే వాక్యాలు. ముద్ర వేయించేదాకా ఆయన కిటికీ దగ్గరే నిలబడ్డారు. నా పేరు పిలవగానే గుడ్డను బల్ల మీద పరిచారు. ఒక కొస కార్పొరేటరు ముందు, ఇంకో కొస ఇంజనీరు ముందు.

నేను హిందీలో రెండే మాటలు చెప్పాను. "ఎర్ర దారం ఉన్న ప్రతి ఇంట్లో నీళ్లలో మురుగు ఉంది. ఈ దారం మాది, మా పాప ఆసుపత్రిలో పడింది."

ఇంజనీరు లేచి వచ్చి, గుడ్డ వెంట వేలు జరుపుతూ మొదటి దారం దగ్గర ఆగారు.

"కాకా, ఇక్కడ పాత మ్యాన్‌హోల్ ఉంది కదా?"

"ఉంది సాబ్. నీళ్ల పైపు దాని పక్కనుంచే పోతది."

తవ్విస్తామన్నారు. నేను దండం పెట్టి కూర్చోబోయాను. దేవదాస్ గారు కూర్చోలేదు. "తారీఖు రాయుండ్రి సాబ్" అన్నారు. సమావేశం మినిట్స్ పుస్తకంలో తారీఖు రాసి చదివి వినిపించాకే గుడ్డ మడిచారు.

ఆ తారీఖుకే తవ్వారు. మ్యాన్‌హోల్ పక్కన పైపు తుప్పుపట్టి చిల్లులు పడి ఉంది. కొత్తది వేశారు.

ఆ తర్వాత మళ్లీ సీసాలు పట్టాం. సీసా నల్లబడని ఇంటి దారం ఒక్కోటీ కత్తిరిస్తూ వచ్చారు దేవదాస్ గారు. మా సీసా రెండు రోజులైనా రంగు మారలేదు. నాకు నమ్మకం చాలక ఇంకో సీసా పట్టాను, ఆ తర్వాత ఇంకోటి. ఆయన విసుక్కోకుండా మూడుసార్లు వచ్చి చూసుకుని వెళ్లారు. నాలుగోసారి కత్తెర నా చేతికిచ్చారు.

"మీదొక్కటే మిగిలింది. నువ్వే కొయ్యి బిడ్డా."

కోశాను. హారతి ఆ ముక్కను నోట్లో పెట్టుకోబోతే ఆయన లాక్కుని నవ్వారు. నీళ్లు ఇప్పటికీ మరగబెట్టే ఇస్తున్నాను. వచ్చే బుధవారం సమావేశం ఉంది. వెనక వీధి అంగన్‌వాడీ ముందు మూతలేని కాలువ గురించి అర్జీ ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. పక్క కుర్చీ దేవదాస్ గారికోసం ఉంచుతాను.