పురుగు పట్టని మూల

తాండూరులో మా ఇంటికి మరమ్మతులు జరుగుతున్నాయి. వంటింటి పాత గోడకు బండలతో కొత్తగా అరలు కట్టించాం. ఈ మధ్యాహ్నం డబ్బాలు సర్దుతూ, కందిపప్పు ఎక్కడ పెట్టమంటారని అత్తమ్మను అడిగాను.

"గా మూలకే పెట్టు బిడ్డా. ఆడ పప్పుకు పురుగే పట్టది. వానకాలంల గూడ గోడ వెచ్చగుంటది" అంది సంబరంగా.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ గోడకు ఎండ తగలదు, పొయ్యి కూడా దూరమే. అరచెయ్యి ఆనించి చూశాను. నిజంగానే వెచ్చగా ఉంది. పరుగున వెళ్లి కరెంటు మెయిన్ ఆపేశాను.

సాయంత్రం కరెంటు పనిచేసే యాదన్న వచ్చి గోడ పగలగొట్టాడు. లోపల వైరు మీది ప్లాస్టిక్ కరిగి, నల్లగా మాడిపోయి ఉంది.

"ఇంకెంత దూరం గిట్ల కాలిందో తెల్వది అక్కా. గీ వైరు అవతలి అర్రలకు పోయింది" అన్నాడు.

అవతలి గదిలో మా పాప మంచం ఆ గోడకే ఆనుకుని ఉంటుంది.

అత్తమ్మ వెళ్లి మంచాన్ని ఒక్కతే బయటికి లాగింది. ఇప్పుడందరం వరండాలో ఉన్నాం. పురుగు పట్టడం లేదని ఇన్నేళ్లు మురిసిపోయాం చూడండి! మీ ఇంటి గోడలకూ ఓసారి చెయ్యి ఆనించి, ఎలా ఉన్నాయో చెప్పండి.