మంగు మచ్చల మీద నా పరిశోధన

పెళ్ళిచూపులకు వెళ్ళి, అమ్మాయిని వదిలేసి అమ్మాయి తల్లి బుగ్గలు పరీక్షించిన ఘనుడు మా బాపట్లలో నేనొక్కడినే. నమ్మనివాళ్ళకు నా 1986 డైరీ చూపిస్తాను.

ఏదో వారపత్రికలో ఒక డాక్టరుగారు మంగు మచ్చల గురించి రాశారు. ఎండ వల్ల, కాన్పుల వల్ల వస్తాయట. తల్లికుంటే పిల్లలకూ రావచ్చట. నాకు జ్ఞానోదయమైంది. కాబోయే అత్తగారి ముఖం చూస్తే చాలు, ఇరవయ్యేళ్ళ తర్వాత కాబోయే భార్య ముఖం తెలిసిపోతుంది! వెంటనే డైరీలో గడులు గీశాను: కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, నుదురు, ముక్కు. ఆఫీసు ఫైళ్ళ మీద అంత శ్రద్ధ ఏనాడూ చూపలేదు.

తెనాలి సంబంధంలో ఆ తల్లి నా చూపు భరించలేక లోపలికి వెళ్ళిపోయింది. "కుర్రాడి చూపు మంచిది కాదండి" అని కబురొచ్చింది.

"రేపల్లెలోనైనా కళ్ళు నేలకేసి కూర్చో. ఇదీ పోతే నీ పెళ్ళి నువ్వే చూసుకో" అన్నాడు మామయ్య.

రేపల్లెలో కాఫీకి ముందు ప్రార్థన చేద్దామన్నారు అమ్మాయి తండ్రి. అందరూ కళ్ళు మూసుకున్నారు. పరిశోధకుడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆయన మా ప్రయాణం కోసం ప్రార్థిస్తుండగా అమ్మాయి తల్లి కుడి బుగ్గ, నగరం అనే ఊళ్ళోని తమ వరిచేల కోసం ప్రార్థిస్తుండగా ఎడమ బుగ్గ పూర్తిచేసి టిక్కులు పెట్టాను. నుదుటి కోసం తలెత్తాను. పెళ్ళికూతురు సుగుణ రెండు కళ్ళూ తెరుచుకుని నన్నే చూస్తోంది.

ఆమెన్ అన్నాక మామయ్య మర్యాదకి, "ఏమన్నా అడుగుతావా అమ్మా?" అన్నాడు.

"ఆ డైరీలో ఏంటండి?"

"ఏం లేదండి, ఆఫీసు పని."

"ఒకసారి ఇవ్వండి."

మామయ్య నా చేతిలోంచి లాగి ఇచ్చేశాడు. ఆమె చదివింది. రేపల్లె నుంచి బాపట్లకు మళ్ళీ బస్సు ఎప్పుడో లెక్కవేసుకుంటున్నాను. ఆమె నిదానంగా పెన్సిల్ కూడా అడిగింది.

"ఎండలో తిరుగుతారా?"

"సైకిలు మీదండి. రోజూ."

"గొడుగు?"

"లేదండి."

"మీ అమ్మగారికి మంగు ఉందా?"

"...ఉందండి."

కింద మరో నాలుగు గడులు గీసి, అన్నింట్లోనూ టిక్కులు పెట్టి తిరిగిచ్చింది. వాటి పైన 'వచ్చినాయన' అని రాసి ఉంది. నా ముఖం మీది ఆ మరకలు అద్దానివని అనుకుంటూ అన్నేళ్ళూ నేను అద్దాన్ని తుడిచాను.

"ఏంటమ్మా, నీకిష్టమేనా?" అన్నారు తండ్రి.

"మచ్చలున్నాయి నాన్నా. పర్లేదు, గొడుగు కొనుక్కోమనండి."

ఇక ఈ జన్మలో ప్రార్థన వేళ కళ్ళు తెరవనని ఆ రోజే ప్రమాణం చేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని సుగుణే సాక్ష్యం చెబుతుంది. ఆ సంగతి తనకెలా తెలిసిందో మాత్రం నేను అడగదలచుకోలేదు.