నాయినా అని పిలిచే ప్రార్థన

షుగరుకు మంచిదని ఎవరో డాక్టరు చెప్పాడట, మా కోడలు ఈమధ్య రోజూ జొన్నరవ్వతో గటక వండుతోంది. ఒకప్పుడు గతిలేక తిన్న గటక ఇప్పుడు మందయిందని ఎగతాళి చేస్తాను గానీ, అది కుతకుత ఉడికి అడుగంటే వాసన రాగానే నవ్వు పోయి, కొడకండ్ల పక్కన మా మట్టింట్లో, పొద్దు వాలే వేళ, కుండ చుట్టూ కూర్చున్న మా వాళ్ల ముఖాలు కనబడతాయి.

మా ఇంట్లో ప్రార్థన కానిదే కుండ మీద మూత తీసేవారు కాదు. కూలి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని అందరం కళ్లు మూసుకుంటే బాపు, మా నాన్న, మొదలుపెట్టేవాడు. పాస్టరుగారి పెద్ద మాటలు ఆయనకు రావు. దేవుణ్ణి నాయినా అని పిలిచి, పక్కన కూర్చున్న తండ్రితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. "నాయినా, ఇల్లు కురుస్తున్నది, జర చూడు. నిన్న అడిగింది ఇయ్యకపోతివి, నేను అలిగిన" అని తగవు కూడా పెట్టుకునేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం; ఆమె నవ్వాపుకునేది. తర్వాత ఒక్కొక్కరం గొంతెత్తి ప్రార్థించాలి, ఇంట్లో లేనివాళ్లను పేరుపేరునా తలుచుకోవాలి. నడుమ ఎవరొచ్చినా గుమ్మంలో ఆగేవారు. ఆమెన్ అనేదాకా కళ్లు తెరవడం గానీ, ప్రార్థించేవాళ్లను ఆపడం గానీ మహాపాపమని మా నమ్మకం.

దొరకు ఎదురుతిరిగి ఊళ్లో సంఘం కట్టిన రోజులవి. నన్ను భుజాల మీద ఎక్కించుకుని, పచ్చజొన్న కంకులు కాల్చి నలిపి నోట్లో పోసిన మా చిన్నాయిన, బాపు తమ్ముడు, ఆ సంఘంలో కలిశాడు. ఆ ఏడు క్రిస్మస్ దగ్గర పడుతుండగా దొర మనుషుల కంట పడకుండా మా కౌలు చేనులో, మంచె కింద దాక్కున్నాడు. అవ్వ గడ్డిమోపులో పెట్టి కూడు పంపేది. ఎవరికీ చెప్పొద్దని నాకు వందసార్లు చెప్పారు, నేనూ ఎవరికీ చెప్పలేదు. దేవుడికి చెప్పొద్దని మాత్రం ఎవరూ అనలేదు.

ఒక సాయంత్రం నా వంతు వచ్చింది. అవ్వ కోసం, తమ్ముడి జ్వరం తగ్గాలని అడిగి, చివర "నాయినా, చేన్ల మంచె కింద మా చిన్నాయినకు సలి పెడతది, నీ గొంగడి కప్పు" అన్నాను. కళ్లు తెరిస్తే, మమ్మల్ని వెట్టికి పిలవడానికి వచ్చిన దొర మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గిరుక్కున తిరిగి దొర ఇంటి వైపు వెళ్లిపోయాడు. బాపు చేనుకు ఉరికాడు గానీ, దొర గుర్రాలు ఆయన కంటే ముందే చేరాయి. చిన్నాయిన మళ్లీ రాలేదు, శవమైనా ఇవ్వలేదు.

నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. కొట్టినా బాగుండేది. ఆ క్రిస్మస్‌కు సకినాలు చుట్టలేదు. ఆ రోజు నుంచి బాపు పెదవులు కదిలేవే గానీ ప్రార్థన వినబడేది కాదు. నా మీది కోపంతోనే దేవుడితో మాటలు మానేశాడనుకుని, నేనూ నోరు తెరవడం మానేశాను.

చాలా ఏళ్ల తర్వాత మంచం పట్టినప్పుడు బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "గా దినం నేను కండ్లు తెరిసిన బిడ్డా. వాడు వచ్చుడు చూసిన. అప్పటికి నువ్వు చిన్నాయిన పేరెత్తలే. నాయినతోని మాట్లాడే పిల్లను ఎట్ల ఆపుదు అని ఊకున్న" అన్నాడు.

నీ తప్పు లేదు బాపూ అని ఒక్క మాట అనాల్సింది. అన్నేళ్లు నా ఒక్కదానిదే అనుకుని మోసిన నేరంలో ఆయనకూ పాలుందని వినేసరికి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా ప్రాణం తేలికపడింది. ఆ తేలికలో ఏమీ అనలేదు. తెల్లవారి ఆయన పోయాడు.

ఇప్పుడు మా వీధి చర్చిలో మైకు పెట్టి చక్కని మాటలతో ప్రార్థిస్తారు. దేవుడి మీద అలిగేవాళ్లు లేరు, ఆయనకు ఇంటి గోడు చెప్పుకునేవాళ్లూ లేరు. మనవరాలు "నానమ్మా, ఇయ్యాల ప్రార్థన నువ్వు చెయ్యి" అని అడుగుతుంది. గొంతు సవరించుకుంటాను. దేవుడికి చెప్పే మాటకన్నా ముందు బాపుకు చెప్పని మాట నోటికి అడ్డం వస్తుంది.