బావగారి పేరులో రెండు అక్షరాలు

2024, మార్చి నెల మొదట్లో. విజయనగరంలో నేను కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టి అప్పటికే పదిహేనేళ్ళు దాటింది. అయినా కొత్త ఇంటికి వెళితే గుమ్మంలో వినిపించే మొదటి మాట మారలేదు. "మెకానిక్ రానేదేటమ్మా?" అంటారు. చీర కొంగు మీదుగా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఎదురుగా నిలబడ్డ నేను వాళ్ళ కంటికి ఎవరిలా కనిపిస్తానో నాకిప్పటికీ తెలియదు.

ఆ రోజు ఆ మాట అన్నది అప్పలనాయుడుగారు. ఎరువుల దుకాణం యజమాని. కింద ఆయన కుటుంబం, మేడమీద తమ్ముడి కుటుంబం ఉంటాయి. తమ్ముడిది భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో ఉద్యోగం, ఆదివారాలే ఇంటికొస్తాడు. అతని భార్య పార్వతి బీఎస్సీ చదివింది. మేడమీద పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ప్రింటర్ కింది ఇంట్లో పెద్దాయన కంప్యూటర్‌కి తగిలించి ఉంటుంది. పార్వతి తన లాప్‌టాప్ నుంచి ఇంటి వైఫై మీదుగా ప్రశ్నపత్రాలు దానికే పంపుతుంది. దీన్నే మేము ప్రింటర్ షేరింగ్ అంటాం. ఆయన దుకాణం సరుకు వివరాలను అదే దారిలో కింది కంప్యూటర్‌లోని ఫోల్డరులోకి ఎక్కించి పెట్టేది కూడా పార్వతే. ఆ పనికి మాత్రం ఆవిడ చెయ్యి పనికొచ్చింది.

వారం రోజులుగా ప్రింట్లు ఆగిపోయాయి. ఫోల్డరూ తెరుచుకోవడం లేదు. నాకంటే ముందు వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాలు చూసి, మేడమీది ఆవిడ ఏదో కెలికింది, వైరస్ దిగింది అని తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఆ తీర్పు పట్టుకుని, ట్యూషన్ మాన్పించెయ్యి అని తమ్ముడికి ఫోన్ చేశాడు. పిల్లల పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పార్వతి నాకు ఫోన్ చేసినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడింది, సొంత ఇంట్లో ఉండి.

ఈమధ్య ఏమైనా మార్చారా, కంప్యూటర్ పేరు గాని మారిందా అని ఫోన్లోనే అడిగాను. నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కి ఒక పేరుంటుంది. పై లాప్‌టాప్ ఆ పేరుతోనే కింది ప్రింటర్‌ని వెతుక్కుంటుంది.

"నేదండి. మునపట్లాగే బావగారి పేరే ఉన్నాది," అంది. ఆ ఇంట్లో కోడలు బావగారి పేరు నోటితో పలకదు. నేనూ రెట్టించలేదు.

వెళ్ళి చూస్తే ప్రింటర్ కింద చక్కగా పనిచేస్తోంది. వైరస్ వెతికాను, చీమంతైనా లేదు. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉన్నాయి. పింగ్ చేశాను. పింగ్ అంటే ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని కేకేసి, పలుకుతుందో లేదో చూడడం. ఇంటి నెంబరులాంటి ఐపీ అడ్రస్‌తో పిలిస్తే పలికింది. పేరుతో పిలిస్తే పలకలేదు.

నేను తంటాలు పడుతుంటే పెద్దాయన కుర్చీలో కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు. "అసలు నా కంప్యూటర్‌లో మరదలికి షేరేటమ్మా? ఆస్తి పంచుకున్ననాడు ఈ కంప్యూటర్ నేదు."

"షేరింగ్ అంటే వాటా కాదండీ, వాడుక. మీ దుకాణం పని ఆవిడ చేసిపెట్టేదీ ఈ షేరుతోనే," అన్నాను.

కింది కంప్యూటర్ పేరు తెరిచి చూశాను. బావగారి పేరే. కానీ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఏ, ఒక యూ ఎక్కువున్నాయి. వచ్చేటప్పుడు గేటు మీది కొత్త పలకలో ఇదే స్పెల్లింగు చూసి, చెక్కినవాడికి చదువు రాదనుకున్నాను.

"ఈ పేరు ఎవరు మార్చారండీ?"

"మార్చడమేటమ్మా, నా పేరే కదా. సంఖ్యాశాస్త్రం సూసే ఆయన రెండచ్చరాలు కలిపితే కలిసొస్తాదన్నాడు. దుకాణం బోర్డుకి కలిపించాను, గేటుకి కలిపించాను. దీనికీ కలిపించాను."

"ఎవరిచేత?"

"వారం కిందట, ఆ మెకానిక్ సేతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. పేరు మార్చిన చేతులు అతనివి. మారిస్తే పైన తెగిపోతుందని తెలిసి ఉండాల్సినవాడూ అతనే. తెలియకపోతే ఈ వృత్తి ఎందుకు? తెలిసే ఆ తీర్పు చెప్పాడంటే అది ఇంకా నీచం. మేడమీద ఒక ఆడమనిషి కంప్యూటర్ ముందు కూర్చుంటుందన్న ఒక్క ముక్క చాలింది అతనికి. మీ దుకాణం బోర్డు మీరే మార్చేసి, పాత పేరు అడుగుతూ వచ్చిన రైతుని దొంగ అన్నట్టుంది అని పెద్దాయనతో అన్నాను. ఎరువుల భాష గనక వెంటనే అర్థమైంది.

ఆ పేరు కలిసొస్తోంది గనక తీసెయ్యడానికి వీల్లేదన్నాడు. మంచిది, మీరు మేడమీదికి రండి అన్నాను. పార్వతి లాప్‌టాప్‌లో పాత దారి తీసేసి, కొత్త పేరు కొట్టమన్నాను. ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. కొత్త స్పెల్లింగు ఆ ఇంట్లో ఎవరూ ఆవిడకు చెప్పలేదు. ఇక ఆయనే చెప్పాల్సి వచ్చింది. గుమ్మంలో నిలబడి తన పేరును ఒక్కొక్క అక్షరంగా అప్పజెప్పాడు. ఎన్నడూ నోటితో అనని పేరును ఆవిడ తలెత్తకుండా వేళ్ళతో కొట్టింది.

కింద ప్రింటర్ కదిలిన చప్పుడైంది.

"వచ్చీసింది, బావగారూ," అంది పార్వతి.

"ఊఁ," అన్నాడాయన.

"ఊఁ కాదండీ. మీ తమ్ముడికి ఆ మాట చెప్పింది మీరే. ఈ మాటా మీరే చెప్పండి," అన్నాను. ఆయన ఫోన్ తీసి తమ్ముడికి కలిపాడు.

"ఒరే, ట్యూషన్ మాన్పించే సంగతి వొగ్గీ. మీ ఆవిడ ఏటీ సెయ్యనేదు. పేరులో ఏదో తేడా వచ్చిందట."

"ఎవరి పేరులో?" అన్నాను నేను, అవతలికి వినపడేలా.

"నా పేరులోనేరా," అన్నాడు.

పార్వతి అప్పటికే మెట్లు దిగుతోంది, ప్రశ్నపత్రాలు తెచ్చుకోవడానికి.

ఆ తరువాత నా పద్ధతి మారింది. సామాను పాడైన ఇంట్లో "ఎవరు చెయ్యి పెట్టారు" అని నేను అడగను. అడిగితే అందరి కళ్ళూ ఇంటి కోడలి వైపే తిరుగుతాయి. "ఏం మారింది" అని అడుగుతాను, మగవాళ్ళను కూడా. ఫోన్లో ఎవరైనా "మా ఆయన పేరే, బావగారి పేరే" అంటే మాత్రం అక్కడితో వదలను. పలకొద్దులే తల్లీ, అక్షరాలు ఒక్కొక్కటే చదువు అంటాను.