ఒకటి నుంచి ఐదులోపు మామగారు

లోకంలో అందరూ ఎదురైన మనిషిని "కులాసాయేనా?" అని పలకరిస్తే, మామగారు మాత్రం "మబ్బు పడితే మీ మనసుకి ఎలా ఉంటుంది? ఒకటి నుంచి ఐదులోపు చెప్పండి" అని పలకరించేవారు. జనానికి ప్రకృతి మీద ఆసక్తి ఎంతుందో ప్రశ్నపత్రాలతో కొలవడం ఆయన ఉద్యోగం. సాయంత్రమయ్యేసరికి ఆఫీసు ఆయన్ని వదిలేసేది. ఆయనే జనాన్ని వదిలేవారు కాదు.

లిఫ్టు మెకానిక్కు అయిన అల్లుడికి ఈ సంగతి పిల్లనడగడానికి వెళ్ళిన రోజే తెలిసింది. జీతమెంత అంటారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, "నీ భుజం మీద గొంగళిపురుగు పాకిందనుకో. అసహ్యమైతే ఒకటి, ఆనందమైతే ఐదు. ఎంత?" అన్నారు.

"పిల్లనిస్తానంటే ఐదండి."

"ఇవ్వనంటే?"

"రెండండి."

"నిజాయితీపరుడు!" అని లోపలికి కేకేశారు. "ఏమోయ్, సంబంధం ఖాయం!"

అత్తగారి గోడు వేరు. "పెళ్ళయిన కొత్తల్లో వెన్నెలంటే ఇష్టమేనా అని అడిగితే మురిసిపోయాను నాయనా. కింద సంతకం పెట్టమన్నాక తెలిసింది నా బతుకు."

ఒకసారి వాళ్ళ భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. అల్లుడు పరుగున వచ్చి తలుపు తెరిస్తే, లోపలున్నవాళ్ళంతా మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని పరీక్ష రాస్తున్నారు. కింద ఇంటి దర్జీ చెమటలు కక్కుతూ, "చెట్టు కనిపిస్తే ఏమనిపిస్తుందని అడుగుతున్నాడయ్యా మీ మామ! ముందు నేల కనిపించనివ్వమను!" అని బావురుమన్నాడు.

మామగారు అల్లుడి వంక కోపంగా చూశారు. "కాసేపాగి తెరవలేకపోయావా? రెండో పేజీ మిగిలిపోయింది."

పై అంతస్తులో రిటైరైన రైలు డ్రైవరు ఉండేవాడు. భార్య పోయాక తలుపులూ కిటికీలూ బిగించుకున్నాడు. ఓదార్చడానికి వచ్చిన చుట్టాలు తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయారు. అలాంటివాడి దగ్గరికి కూడా మామగారు ప్రతి ఆదివారం కాగితాలు పట్టుకుని బయల్దేరడం చూసి అల్లుడికి ఒళ్ళు మండింది.

"ఆయన్నైనా వదిలెయ్యండి మామయ్యా. పుట్టెడు దుఃఖంలో ఉన్నాడు."

"నువ్వూ రా" అన్నారాయన.

తలుపు తెరుచుకుంది. లోపల పట్టపగలే చీకటి.

"మీ కిటికీ ఎదురుగా ఉన్న చెట్టు ఈ వారం ఎలా ఉందండీ?"

"చూళ్ళేదు."

"చూడకుండా మార్కులెలా వేస్తారు?"

డ్రైవరు సణుక్కుంటూ లేచి కిటికీ రెక్క నెట్టాడు. గదిలోకి ఎండ పడింది. "ఉన్న ఆకులూ రాల్చేసుకుంది, సోమరిపోతు. రెండెయ్యి."

"అన్యాయమండీ! ఆ చిగుళ్ళు కనబళ్ళేదా?"

ఇద్దరూ కిటికీలోంచి తలలు బయటపెట్టి పోట్లాడుకున్నారు. చివరికి డ్రైవరు మెత్తబడ్డాడు. "ఉద్యోగమంతా చెట్లు నా పక్కనుంచి పరిగెత్తడమే గానీ, ఒక్కటీ నిలబడి మొహం చూపించలేదయ్యా. ఇది నిలబడింది. సరే, మూడు."

మెట్లు దిగుతూ అల్లుడు అడిగాడు. "ఒకే మనిషిని వారం వారం అడిగితే మీ పరిశోధన చెడిపోదా?"

"చెడిపోతుంది. అందుకే ఆయన మార్కులు ఎప్పుడూ లెక్కలో కలపలేదు."

"మరెందుకు అడగడం?"

"ఓదార్పుకైతే తలుపు తియ్యడోయ్. పోట్లాటకైతే తీస్తాడు."

ఇంతలో పైనుంచి కేక వినిపించింది.

"ఏమయ్యా ప్రశ్నలాయనా! కొమ్మ మీద ఏదో పచ్చపిట్ట వాలింది. నువ్వక్కడ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే దీనికి మార్కులు మీ తాతొచ్చి వేస్తాడా?"

మామగారు పంచప్రాణాలూ లేచొచ్చినట్టు రెండేసి మెట్లెక్కుతూ పరిగెత్తారు. ఆయన కంటే ముందు అల్లుడు పరిగెత్తాడు.